గోడతో సహా

మా గల్లీలో ఇల్లు కట్టడానికి పర్మిషన్ తీసుకున్న మొదటి మనిషిని నేనే. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. కనిపించిన వాళ్లందరికీ చెప్పాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

మా గల్లీ పద్ధతే వేరు. వరసగా మూడు రోజులు సెలవులొచ్చాయంటే చాలు, ఎవరో ఒకరింటి ముందు కంకర కుప్ప పడుతుంది. మొదటి రోజు సెంట్రింగు, రెండో రోజు ఇనుము, మూడో రోజు స్లాబు. ఆఫీసులు తెరిచేసరికి ఆ స్లాబు మీద బట్టలు కూడా ఆరుతుంటాయి. మా వెనకింటి వాళ్లూ అలాగే పోశారు. వాళ్ల అదృష్టం బాగాలేక మున్సిపాలిటీ వాళ్లు వచ్చి స్లాబుకు నాలుగు బొక్కలు కొట్టి వెళ్లారు. ఇప్పటికీ వానొస్తే వాళ్లింట్లో బకెట్లన్నీ మేడ మీది గదిలోనే ఉంటాయి.

అందుకే పైన ఒక గది వేద్దామన్న మాట రాగానే నేను అడ్డం తిరిగాను. కాగితం చేతికి రానిదే ఇటుక దిగడానికి వీల్లేదన్నాను. మా ఆయనది పాల వ్యాపారం. బహదూర్‌పురా దగ్గర కొట్టంలో ఎంత పొగరుబోతు బర్రెనైనా దారికి తెస్తాడు గానీ, ఆఫీసు మెట్లెక్కమంటే మాత్రం గేటు దగ్గరే ఆగిపోతాడు.

"నీకెందుకే గీ లొల్లి? అందరు కట్టుకుంటలేరా?" అన్నాడు.

"అందరి సంగతి నాకేంది? నా కిటికీకి ఫికర్ ఉండొద్దు. నేనే తిరుగుత, నువ్వు పాలు చూస్కో" అన్నాను.

నిజానికి నాకు గది కన్నా కిటికీయే ముఖ్యం. నేను మగ్గం పని చేస్తాను, పెళ్లి జాకెట్ల మీద జరీ, పూసలు, రాళ్లు. మా ఇంటికి రెండు పక్కలా, వెనకా గోడలే. వెలుతురు వచ్చేది వీధి గుమ్మంలోంచి మాత్రమే, అక్కడేమో పాల క్యాన్లు. పద్నాలుగేళ్లుగా వెనక గదిలో పట్టపగలు ట్యూబులైటు వేసుకుని కుడుతున్నాను. మొన్నొకసారి బంగారు రంగు జరీ అనుకుని రాగి రంగు జరీతో జాకెట్టు చెయ్యి సగం కుట్టేశాను. గుమ్మం దాకా తెచ్చి చూస్తే గానీ తెలియలేదు. కూర్చుని ఏడ్చాను. కళ్ల డాక్టరు అద్దాలు మార్చి, ఇకనుంచి పగటి వెలుతురులోనే పని చేయాలన్నాడు. పైన కిటికీ రాకపోతే మగ్గం విప్పి అటక ఎక్కించడమే.

ప్లాన్లు గీసే ఇంజనీరు వచ్చిన రోజు మా ఇంట్లో పండగే. ఇరవై అయిదేళ్లుంటాయేమో, చేతిలో టేపు కూడా లేదు. చిన్న మిషను నొక్కితే ఎదుటి గోడ మీద ఎర్ర చుక్క పడుతోంది, కొలత దానంతటదే వస్తోంది.

"గదేంది బిడ్డా, గోడకు బొట్టు పెడ్తున్నవా?" అంది మా అత్తమ్మ.

అతను నవ్వి, అక్కడికక్కడే కాగితం మీద గీశాడు. మెట్లు, గది, తూర్పున కిటికీ. నేను పుట్టి బుద్ధెరిగాక నాకోసమని గీసిన మొదటి గీతలవి. కిటికీ గీత మీద వేలు పెట్టి తీయలేకపోయాను.

"ఒక్క మాట అక్కా," అన్నాడు. "పక్కింటి దిక్కు కిటికీ పెట్టాలంటే మన జాగల మూడడుగులు ఇడ్సిపెట్టాలె. మీ తూర్పు గోడ అడుగున్నర మందం ఉన్నది. గోడ మీ సొంతమైతే దాని బయటి అంచు నుంచి కొలుస్తం, మగ్గం పట్టేంత గది వస్తది. మీది గాకపోతే లోపలి అంచు నుంచి కొలవాలె, అప్పుడు గదిల మగ్గం పట్టదు. గోడ ఎవరిది?"

"మాది" అంది అత్తమ్మ.

"హమారీ హై!" అని గోడ అవతల నుంచి వినిపించింది.

ఆ గొంతు మా పక్కింటి పెద్దావిడది. అందరం ఖాలా అంటాం, పిన్ని అన్నట్టు. ఆడపిల్లల బడిలో ఉర్దూ చెప్పి రిటైరయింది. ఆమె వాకిలి ఆ గోడకు ఆనుకునే ఉంటుంది, వరండా దూలాలు ఆ గోడ మీదే ఆనాయి. నలభై ఏళ్లుగా ఇటు అత్తమ్మ, అటు ఆమె, ఎవరి వైపు వాళ్లు సున్నం వేసుకుంటున్నారు. ఎవరికి వాళ్లు గోడంతా తమదేననుకున్నారు. రెండో వాళ్లు కూడా అలాగే అనుకుంటున్నారని ఇద్దరికీ ఆ రోజే తెలిసింది. ఇంజనీరు తల గోక్కున్నాడు. "మీ లెక్కన గీ ఇండ్లన్ని కలిపి కొలిస్తే గల్లీ సరిపోదు" అని, ఇంటి దస్తావేజు కావాలన్నాడు. ఏది తేలినా ఖాలా అభ్యంతరం లేదని సంతకం పెట్టాలన్నాడు.

దస్తావేజు అత్తమ్మ ట్రంకు పెట్టె అడుగున పాత చీర ముక్కలో ఉంది. మొత్తం ఉర్దూ. చదవగలిగిన మామయ్య పోయారు. ఇప్పుడు మా గల్లీలో ఆ లిపి చక్కగా చదవగలిగేది ఖాలా ఒక్కతే.

ఇక్కడ నా బుద్ధి చెప్పాలి. గోడ పోతే ఆమెకు నష్టం. దూలాలు పరాయి గోడ మీద ఉన్నట్టవుతుంది, పైగా నా కిటికీ ఆమె వాకిట్లోకి తెరుచుకుంటుంది. అలాంటి మనిషి చేతికి కాగితమిస్తే ఉన్నది ఉన్నట్టు చదువుతుందా? నేను మెల్లగా నయాపూల్ వెళ్లి, కోర్టు దగ్గర కూర్చునే రాతగాడితో తెలుగులో తర్జుమా రాయించుకున్నాను. తూర్పు హద్దు "గోడతో సహా" అని ఉంది. గోడ మాదే! అక్కడే రోడ్డు మీద గంతేసినంత పని చేశాను. ఆ తర్జుమా మడిచి పిడికిట్లో పెట్టుకుని, ఏమీ తెలియనట్టు అసలు దస్తావేజు తీసుకుని ఖాలా దగ్గరికి వెళ్లాను. అబద్ధం చదివితే మొహం మీద పెడదామని.

ఆమె కళ్లద్దాలు తుడుచుకుని, కాగితాన్ని వెలుతురుకు తిప్పి, బడిపిల్లలకు చెప్పినట్టు పైకి చదివింది. మూడు హద్దులు అయ్యాయి. తూర్పు దగ్గర ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"దీవార్ సమేత్" అంది. అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "గోడతోని కలిపి అన్నట్టు. తుమారీచ్ హై బిడ్డా, గోడ మీదే. చూడు, ఇన్నేండ్లు మీ గోడకు నేను సున్నమేసిన." అని నవ్వింది.

నా పిడికిట్లో కాగితం చెమటకు తడిసిపోయింది. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు. దూలాలు ఎక్కడివక్కడే ఉంటాయని, వాటి జోలికి ఎవరూ రారని గబగబా చెప్పి బయటపడ్డాను.

ఆ సిగ్గుతోనే ఇంజనీరుకు ఫోన్ చేసి, కిటికీ నేలకు అయిదడుగుల పైన పెట్టి, దానికి జాలీ కూడా గీయమన్నాను. వెలుతురొస్తే చాలు, ఆమె వాకిలి నా కంట పడకూడదు. ప్లాను ప్రింటు తీసుకుని, ఆ సాయంత్రమే ఆన్‌లైన్‌లో ఎక్కించేద్దామన్న హుషారుతో ఖాలా సంతకానికి వెళ్లాను.

"కిడ్కీ ఏది?" అంది. చూపించాను. "ఎంత ఎత్తుల?"

"అయిదడుగుల పైన ఖాలా. జాలీ కూడా ఉంటది. మీకేం ఇబ్బంది ఉండదు."

ఆమె పెన్ను మూత తిరిగి పెట్టేసింది. "నేను సైన్ చెయ్య."

నా పై ప్రాణం పైనే పోయింది. ఇంజనీరు అక్కడ కంప్యూటరు తెరుచుకుని కూర్చున్నాడు.

"నేను గోడ నీదని చదివింది నువ్వు కిడ్కీ మూసుకోనీకా?" అంది గట్టిగా. "మీ అత్త గోడ మీది నుంచి పచ్చిపులుసు అందిచ్చేది, నేను ఖుబానీ మీఠా అందిచ్చేది. ఇప్పుడు ఇద్దరి చేతులు లేస్తలేవు. పైనుంచి నువ్వైనా కనబడుతవనుకున్న. ఇగ నువ్వు జైల్ల కూసున్నట్టు జాలీ ఎన్క కూసుంటవా?"

"మరి మీ పర్దా, ఖాలా..."

"నా పర్దా నా ఫికర్. మగోళ్లు పైకొస్తె నువ్వు తెర దించు. నువ్వొక్కదానివే ఉంటె తెరువు." చెయ్యి నడుము దగ్గర పెట్టి చూపించింది. "ఇక్కడికి పెట్టు, ఢాయీ ఫుట్. అప్పుడు సైన్."

అక్కడి నుంచే ఫోన్ చేశాను, రెండున్నర అడుగులకు దించమని. జాలీ తీసేయమని. ఇంజనీరు విసుక్కుంటూనే మార్చి పంపాడు. కొత్త ప్రింటు తీసుకుని పరిగెత్తుకొచ్చాను. ఖాలా తీరిగ్గా సంతకం పెట్టి, దాని కింద ఉర్దూలో ఒక పొడుగాటి వాక్యం రాసి, కాగితం ఊది ఇచ్చింది.

తన ఆఫీసులో ఇంజనీరు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "గిదేం రాసిందక్కా? నయాపూల్‌ల చదివిస్తవా ఒకసారి?"

"అక్కర్లేదు తమ్మీ, ఎక్కియ్యి" అన్నాను.

కొన్నాళ్లకు నేను మగ్గం మీద ఉండగా మెసేజ్ వచ్చింది. సూది గుడ్డలోనే వదిలేసి, పాల క్యాను తన్నుకుని, గోడ దగ్గరికి పరిగెత్తి అరిచాను.

"ఖాలా! పర్మిషన్ వచ్చింది!"

అవతల నుంచి వెంటనే గొంతు వచ్చింది. "కిడ్కీ ఎంత ఎత్తుల రాసిండ్రు?"

"మీరు చెప్పినంతే ఖాలా!"