మ్యాప్‌లో ఎర్రచుక్క

2023 ఎండాకాలం. వరంగల్‌లో డిజిటల్ లావాదేవీలు ఎక్కడ సాగుతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో మ్యాప్ గీసివ్వమని ఒక బ్యాంకు నేను భూగోళశాస్త్రం చెప్పే కాలేజీని అడిగింది. భూగోళశాస్త్రం అనగానే అందరికీ నదులూ పర్వతాలే గుర్తొస్తాయి. నగరంలో డబ్బు ఏ దారిన నడుస్తుందో చూసేదీ మేమేనని చెప్పుకోవడం నాకు భలే సరదా.

బ్యాంకు తరఫున చిన్న గదుల్లో వేలిముద్ర తీసుకుని పింఛన్లు ఇచ్చే చోట్లను సర్వీస్ పాయింట్లు అంటారు. వేలిముద్ర పడక విఫలమైన ప్రయత్నాల వాటా ఫెయిల్యూర్ రేట్. అది తక్కువున్న చోట ఆకుపచ్చ, ఎక్కువున్న చోట ఎరుపు వేశాను. ఊరంతా పచ్చగా ఉంటే, మగ్గాల వాళ్లుండే ఒక వాడలో మాత్రం ఎర్రటి చుక్క తేలింది. అది స్వరూప అనే ఆమె నడిపే పాయింట్. ‘దీన్ని మూసేసి పక్కదాంట్లో కలపవచ్చు’ అని రిపోర్టు డ్రాఫ్ట్‌లో రాసేశాను. ఏసీ గదిలో కూర్చుంటే ఎంత తెలివైనా వస్తుంది!

సంతకానికి ముందు గ్రౌండ్ ట్రూతింగ్ చేయాలి. అంటే మ్యాప్ నిజం చెబుతోందో లేదో ఆ చోటికెళ్లి చూడటం. తప్పదు కాబట్టి వెళ్లాను.

స్వరూప టేబుల్ మీద గోరువెచ్చటి నీళ్ల గిన్నె, తువ్వాలు, కొబ్బరినూనె సీసా ఉన్నాయి. ఎదురుగా ఓదెలు అనే ముసలి నేతకారుడు. నూలు లాగీ లాగీ ఆయన వేళ్ల మీద గీతలే మిగల్లేదు.

“ఏడుసార్లాయె బిడ్డా, పడ్తలేదు.”

“ఫికర్ చెయ్యకు మామా. జర నీళ్లల్ల పెట్టు, ఇంకో ఏలు సూద్దాం.”

తొమ్మిదోసారికి ఉంగరపు వేలు పడింది. మందులకు పింఛన్ చేతికందగానే ఆయన ముఖం వెలిగింది.

ఆయన వేరే పేట నుంచి వచ్చాడని తెలిసి, “మీ ఇంటి దగ్గర పాయింట్ లేదా?” అని అడిగాను.

“ఉన్నది సార్. ఆడ రెండుసార్లు సూసి పొమ్మంటరు. మా స్వరూప పొమ్మనది.”

నా తల కొట్టేసినట్టయింది. మిగతా పాయింట్లు కష్టమైన వేళ్లను పంపించేసి పచ్చగా ఉన్నాయి. ఆ వేళ్లన్నీ ఇక్కడికొస్తే, పడని ప్రతి ముద్రా ఈమె ఖాతాలో తప్పుగా చేరింది.

“నా పాయింట్ తీసేత్తరట గద సార్? వీళ్లు ఏడికి పోవాలె?” అంది స్వరూప.

“అలా రాసింది నేనేనమ్మా.”

ఆమె తువ్వాలు మడిచి పక్కన పెట్టింది. “అయితే మీరే దిద్దాలె” అంది.

నాలుగు రోజులు అక్కడే కూర్చున్నాను. వచ్చిన ప్రతివాళ్లనూ ఎక్కడి నుంచి వచ్చారో అడిగి, వాళ్ల ఇంటి నుంచి ఆ గది దాకా ఒక గీత గీశాను. పరకాల వైపు నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లూ ఉన్నారు. గీతలన్నీ కలిసి ఆ ఎర్రచుక్క మీదే పడ్డాయి.

“ఫెయిల్యూర్ రేట్ మాత్రం అంతే ఉంది కదండీ” అన్నాడు కొత్త మ్యాప్ చూసిన బ్యాంకు అధికారి.

నాకు చిర్రెత్తింది. “పెద్ద దవాఖానలోనే రోగులెక్కువ. మూసేద్దామా?” అన్నాను.

పాయింట్ నిలిచింది. పైగా కంటిపాపతో గుర్తుపట్టే మిషన్ కూడా ఇచ్చారు. మొదటిరోజు ఓదెలు పని ఒక్కసారికే అయిపోతే, “గింతేనా?” అని కూర్చున్న చోటు నుంచి లేవలేదట.

నేను గీసిన మ్యాపుల్లో నాకు గర్వంగా అనిపించేది ఆ గీతల మ్యాప్ ఒక్కటే. క్లాసులో గోడకు తగిలించాను. ఎర్రచుక్క కనబడితే ఏం చేయాలని పిల్లలు అడిగితే, రిపోర్టు రాయకండి, ముందు చెప్పులేసుకోండి అంటాను.