గుడ్డ కట్టని ముఖం

మా డ్రాయింగు మాస్టారు పోయారని మొన్న మంగళవారం పొద్దున మా స్కూలు ప్యూను వచ్చి చెప్పాడు. ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఆయన్ని అడగాల్సిన మాట ఒకటి అడక్కుండానే పోనిచ్చాను. పోయినవాళ్లని ఏమీ అనకూడదంటారు. కానీ ఉన్నది ఉన్నట్టు గీయమని నేర్పింది ఆయనే.

నేనీ రోజు డ్రాయింగు టీచర్ని అయ్యానంటే ఆయన పుణ్యమే. కూలికెళ్లే ఇంట్లో ఆడపిల్లకి బొమ్మలేమిటని పేటంతా నవ్వుతుంటే, మా గుమ్మం ముందుకొచ్చి, "అమ్మా, దీని చెయ్యి మంచిదండీ, పొలానికి పంపకండి" అన్నారు. మా అమ్మని 'అండీ' అన్న పెద్దమనిషిని అదే మొదటిసారి చూడటం. కుంచె ఎప్పుడూ చొక్కా అంచుకే తుడుచుకునేవారు. మిరప కల్లానికి తీసుకెళ్లి, "ఎరుపంతా ఒకటేననుకున్నావా? పచ్చి మీదున్న కాయ వేరు, ఎండిన కాయ వేరు. అన్నిటికీ ఒకే డబ్బా పూసేవాడు గోడలకి సున్నం వేసుకోవాలి" అనేవారు. ఇప్పుడు నా పిల్లలకి నేనూ అదే చెబుతున్నాను.

గుంటూరులో ఆయన మొదటి ఎగ్జిబిషన్ కుదిరిన ఏడు, కల్లంలో మా అమ్మ బొమ్మ వేస్తానన్నారు. రంగుపోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్లు ఘాటుకి తట్టుకోలేక ముక్కూ నోరూ మూసేలా గుడ్డ కట్టుకుంటారు. అది లేకుండా కాసేపు కూర్చోవడం కూడా కష్టం.

"గుడ్డ తీస్తేనే కదమ్మా ముఖం పడేది. చూసినవాళ్లు మిమ్మల్ని గుర్తుపట్టాలి" అన్నారు.

అమ్మ తీసేసింది. ఆరు ఆదివారాలు చర్చి నుంచి నేరుగా వెళ్లి ఆ ఘాటులో కూర్చుంది. తుమ్ములు, దగ్గు, కళ్లమ్మట నీళ్లు. ఇంటికొచ్చి ముఖానికి మజ్జిగ రాసుకుంటూ, "ఇన్నేళ్లొచ్చినా నాకో ఫొటో లేదు కదే. పడనీ" అనేది.

ఎగ్జిబిషన్‌కి చర్చి చీర కట్టుకుని బస్సెక్కింది. హాల్లో తన బొమ్మ తనే వెతుక్కుంది. గాజులు తనవే, మోచేతి మీద కాలిన మచ్చ తనదే. ముఖానికి మాత్రం గళ్ల గుడ్డ కట్టేసి ఉంది.

మాస్టారు నవ్వుతూ వచ్చారు. "గుడ్డతోనే బాగా కుదిరిందమ్మా. ఇప్పుడిందులో కూలీలంతా కనపడుతున్నారు."

"అందరూ కనపడేదానికి నా చేత గుడ్డెందుకు తీయించారండీ మాస్టారూ?" అంది అమ్మ.

ఆయన నా వైపు చూశారు. నేను నేల చూశాను. నన్ను డ్రాయింగు ట్రైనింగుకి పంపమని ఆయన ఆ నెలలోనే కాయితం రాయాలి. ఆయన చేసింది మోసమే, ఇంకో మాట దొరకలేదు నాకు. నేను చేసిందాన్నీ అదే అనాలి.

ఆ బొమ్మకి బహుమతి వచ్చింది. తర్వాత బెజవాడ, మద్రాసు, హైదరాబాదు. ఎక్కడ పెట్టినా గుడ్డ కట్టిన ఆడవాళ్లే. ఆయన గొప్పంతా ఆ గుడ్డలోనే ఉందని పేపర్లు రాశాయి. ప్రతిసారీ మా ఇంటికి కార్డు పంపేవారు. అమ్మ ఒక్కదానికీ రాలేదు, నేను అన్నిటికీ వెళ్లాను. ఒకసారి "అమ్మకింకా కోపమేనా?" అని అడిగారు. "అబ్బే, లేదండీ" అన్నాను.

మంగళవారం నేను బయల్దేరుతుంటే, పిలవకుండానే అమ్మ చెప్పులేసుకుంది. ఆయన్ని వరండాలో చాప మీద పడుకోబెట్టారు. ఈగలు వాలుతున్నాయని ముఖం మీద తువ్వాలు కప్పారు. గోడల మీద ఆయన బొమ్మలున్నాయి. అమ్మ వాటివైపు చూడలేదు.

"ఆ గుడ్డ కాస్త తియ్యండమ్మా, ముఖం చూస్తాను" అంది మాస్టారి భార్యతో.

ఆవిడ తీసింది. మళ్లీ కప్పబోతే అమ్మ వద్దంది. పక్కనే కూర్చుని, ఆయన్ని తీసుకెళ్లేదాకా, కొంగుతో ఈగలు తోలుతూనే ఉంది.