రెండుసార్లు తప్పుగా పంపిన కేబుల్

2007 సెప్టెంబరు. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో పాత జపాన్ మోటార్‌సైకిళ్ల విడిభాగాలు అమ్మే షాపులో నాకది నాలుగో ఏడు. అంతకుముందు పదిహేడేళ్లు విజయవాడలో ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. మా ఆవిడకు ఇక్కడి కార్ల కంపెనీలో ఉద్యోగం రావడంతో వచ్చాను. వార్తల్లో తప్పులు పట్టినవాడు పార్ట్ నంబర్లలోనూ పట్టగలడని షాపు యజమాని నమ్మి కౌంటర్‌లో కూర్చోబెట్టాడు.

మా దగ్గర ఎక్కువమంది అడిగేది ఒకే వంశపు బండికి, నాలుగు సిలిండర్ల 750 సీసీ మోడల్‌కి. మొదట్లో దానికి నాలుగు పొగ గొట్టాలు ఉండేవి. తర్వాత కొన్ని మోడళ్లలో ఆ నాలుగూ ఒకటయ్యాయి. ఇంజిన్ కవాటాలను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒకటి ఉన్నచోట రెండొచ్చాయి. పైకి అన్నదమ్ముల్లా ఒకేలా కనిపించినా, లోపల ఏటా ఏదో ఒకటి మారేది. అందుకే అప్పట్లో కౌంటర్‌లో మేం అడిగే మొదటి ప్రశ్న: ఏ సంవత్సరం బండి?

డాక్టర్ అనసూయ గారు ఫోన్లో డెబ్బై ఒకటి అన్నారు. ఆవిడది గుంటూరు, పిల్లల డాక్టరుగా రిటైరయ్యారు. థ్రాటిల్ కేబుల్, అంటే యాక్సిలరేటర్ తిప్పితే కార్బ్యురేటర్లను తెరిచే తీగ, తెగిపోయిందట. డెబ్బై ఒకటి మోడల్‌కు కేబుళ్లు రెండు, తెరవడానికొకటి, మూయడానికొకటి. ఆ జత పంపాను. పట్టలేదని ఫోన్ చేశారు. ప్యాకింగ్‌లో పొరపాటేమో అనుకుని అదే నంబరు మళ్లీ పంపాను.

గురువారం ఆవిడే వచ్చి ఆ రెండో డబ్బా కౌంటర్ మీద పెట్టారు.

“ఏమయ్యా, జ్వరం తగ్గలేదని చెబితే మళ్లీ అదే మాత్ర రాస్తావా?”

“కేటలాగ్‌లో అదే ఉంది, డాక్టర్ గారూ. డెబ్బై ఒకటికి...”

“కేటలాగ్ చూశావు సరే, పేషెంట్‌ని చూశావా?”

స్పాట్‌కి వెళ్లకుండా వార్త రాశారని ఎందరు విలేకరులను తిట్టానో నాకు గుర్తొచ్చింది.

అప్పుడు చెప్పారు అసలు తొందర. ఆవిడ రెసిడెన్సీ, అంటే ఇక్కడి ఆసుపత్రిలో శిక్షణ, చేసే రోజుల్లో డొరొతీ అనే నర్సు, కారు కొనలేని ఈ చీరకట్టు డాక్టరుకు తన తమ్ముడి బండి ఇప్పించింది. పార్కింగ్ లాట్‌లో తానే నడపడం నేర్పింది. ఇప్పుడు డొరొతీకి ఎనభై దగ్గరపడుతోంది. ఆదివారం కూతురితో అరిజోనా వెళ్లిపోతోంది. వెళ్లేలోగా ఒక్కసారి వెనక కూర్చోబెట్టుకుని చెరువుదాకా తీసుకెళ్తానని ఈవిడ మాట ఇచ్చారు.

“మళ్లీ వస్తుందనుకోను. నేను వెళ్లినా బండి మీద వెళ్లలేను కదా,” అన్నారు.

ఆ సాయంత్రమే మా మెకానిక్ రిక్‌ని తీసుకుని వాళ్ల గరాజ్‌కి వెళ్లాను. రిక్ టార్చి వేసి హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడ మీద కొట్టిన నంబరు చదివి, ఈల వేశాడు.

“ఇది మొదటి మోడల్. డెబ్బై ఒకటి కానే కాదు.”

టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం, డెబ్బై ఒకటనే చెబుతోంది. డీలరు దగ్గర అమ్ముడుపోక ఆగిన బండికి అమ్మిన సంవత్సరమే రాసేవాళ్లని రిక్ వివరించాడు. మొదటి మోడల్లో ఒక కేబుల్ దారిలో నాలుగుగా చీలి, ఒక్కో కార్బ్యురేటర్‌కు ఒక్కోటి వెళ్తుంది. అలాంటిది కొత్తగా దొరకదు. పాతది వెతకాలంటే వారాలు పడుతుంది.

ఆవిడ సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

రిక్ తల గోక్కున్నాడు. “మరుసటి ఏడాది మోడల్ కార్బ్యురేటర్లు నా దగ్గర ఒక సెట్టు ఉన్నాయి, యాక్సిలరేటర్ పిడితో సహా. నాలుగింటినీ ఒక కడ్డీ కలిపి తెరుస్తుంది. ఈ ఇంజిన్‌కి పడతాయి. కానీ పాత బండ్లు సేకరించేవాళ్లు చూస్తే ఏడుస్తారు.”

“ఏడవనీ. పాతవి విప్పి డబ్బాలో పెట్టు, వాళ్లొస్తే చూపిస్తా,” అన్నారు డాక్టర్ గారు.

“వాటికి డెబ్బై ఒకటి రకం కేబుళ్ల జత కావాలి,” అన్నాడు రిక్.

ఆవిడ గోడ వైపు చూపించారు. నేను మొదట పంపిన జత మేకుకు వేలాడుతోంది. ముగ్గురం ఒకేసారి నవ్వాం.

శనివారం మధ్యాహ్నానికి బండి సిద్ధమైంది. డొరొతీ ఊతకర్రతో వచ్చింది. మోకాలి నొప్పి గుర్తుందా అని కూతురు అడుగుతూనే ఉంది. “నువ్వు బడికెళ్లే రోజుల నుంచీ ఎక్కుతున్నాను దీన్ని,” అని ఊతకర్ర నా చేతిలో పెట్టింది. రిక్ ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని ఎక్కించాం.

ఇంజిన్ అందుకోగానే డొరొతీ చెవి పెట్టి విని, “అనసూయా, ఇది మునుపు ఇంత మెత్తగా తిరిగేది కాదే!” అంది.

“చిన్న సర్జరీ అయింది, డొరొతీ. గట్టిగా పట్టుకో.”

నలభై నిమిషాల తర్వాత తిరిగొచ్చారు. ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. గాలికి అని ఇద్దరూ చెప్పారు.

తొలిసారి సరిగా కుదరనిదాన్ని మరుసటి ఏడు సరిదిద్దుతూ, కొత్తది పాతదానికీ పట్టేలా ఉంచిన ఆ ఇంజినీర్లెవరో నాకు తెలియదు. వాళ్లకు నేను రుణపడి ఉన్నాను. మొహమాటం లేకుండా నన్ను తిట్టిన డాక్టర్ గారికి ఇంకా ఎక్కువ. అప్పటినుంచి బండి ఏ సంవత్సరమని మొదట అడగను. ఫ్రేమ్ మెడ మీద నంబరు చదవమంటాను. దగ్గరలోనే ఉంటే వెళ్లి చూస్తాను. రెండోసారి పంపిన జత వాపసు తీసుకున్నాను కానీ అమ్మలేదు. నా కుర్చీ పక్కన మేకుకు వేలాడుతోంది.