రాక్షసుల కొమ్ములు విరిచిన అత్త

మహబూబ్‌నగర్ దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను పొట్టేలు కడుపు కింద చాకుతో గీకుతున్నాను. నిజం పొట్టేలు కాదు, బొటనవేలంత రెజిన్ పొట్టేలు. "అమ్మ పాయెనే," అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అడిగినదానికి జవాబు చెప్పకుండా పోయింది మా అత్త. గొడవ సగంలో వదిలేసి లేచిపోవడం ఆమెకు మొదటి నుంచీ అలవాటే.

మూడు రోజులూ నారాయణపేటలోని మా ఇంటికి జనం వచ్చారు. మా గల్లీ అంతా నేతవాళ్లే. వచ్చినవాళ్లు వచ్చినట్టు "ఎంత మంచి మనిషి, నోట్ల నాలికె లేని మనిషి" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాలుక లేదట! ఆ నాలుకతో పొద్దున లేచింది మొదలు నన్ను ఉతికి ఆరేసిన సంగతి వీళ్లెవరూ వినలేదా? గోడకు గోడ ఆనుకున్న ఇళ్లాయె. చచ్చిపోయినవాళ్ల మీద అబద్ధాలు చెప్పడం మర్యాద అనుకుంటారు కాబోలు. నేను చెప్పను. మా అత్త మొండిది, నోటి దురుసుది, తను తప్పు చేశానని ఒక్కనాడూ ఒప్పుకోనిది. ఆమెతో కలిసి చేసినంత మంచి పని నేను ఇంకెవరితోనూ చేయలేదు. ఈ రెండూ నిజమే.

మేము చేసేవి బొమ్మలు. పిల్లలు ఆడుకునేవి కావు, పెద్దవాళ్లు సెట్లు సెట్లుగా కొని అద్దాల బీరువాలో దాచుకునేవి. లోకంలో లేని లోకపు జనం: గుండురాళ్లే ఒళ్లుగా ఉన్న రాక్షసులు, గొంగడి కప్పుకుని పొట్టేళ్ల మీద యుద్ధానికి పోయే కాపరులు, అలాంటివాళ్లు. ముందు కాగితం మీద గీస్తాను. సన్న తీగ వంచి అస్థిపంజరం కడతాము. రెండు రకాల ముద్దలు కలిపితే కాసేపట్లో గట్టిపడేది ఒకటి దొరుకుతుంది, దాన్ని తీగ మీద పొరలు పొరలుగా మెత్తి సూదులతో చెక్కుతాము. అది మూలబొమ్మ. దాని చుట్టూ సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీస్తే, ఆ అచ్చులో ప్లాస్టిక్‌లా గట్టిపడే రెజిన్ ద్రవం పోసి నకళ్లు తీసుకోవచ్చు. కొన్ని నకళ్లు తీసేసరికి అచ్చు చిరిగిపోతుంది. అప్పుడు మళ్లీ మూలబొమ్మ కావాలి. అందుకే మూలబొమ్మను కంటిపాపలా చూసుకోవాలి. ఇది గుర్తుపెట్టుకోండి, మా గొడవంతా దీని మీదే.

నాది ఆత్మకూరు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఈ పని హైదరాబాదులో నేర్చుకున్నాను. పెళ్లయి ఇక్కడికి వచ్చేసరికి అత్త చూపు సన్నపోగుకు ఆనక మగ్గం విప్పేశారు. కానీ నేసేటప్పుడు కాళ్లు దించుకుని కూర్చునే నేత గుంతను మాత్రం పూడ్చనివ్వలేదు ఆమె. ఆ గదిలోనే నేను నా బల్ల వేసుకున్నాను. ఒకరోజు బజారుకు పోయి వచ్చేసరికి అత్త గుంతలో కాళ్లు దించుకుని, ఇంతకుముందు బట్ట ఉండే చోట ఒక పలక అడ్డం వేసుకుని, నా పెద్ద భూతద్దం ముక్కు ముందు పెట్టుకుని, నేను చేసిన రెక్కల పామును తిప్పి తిప్పి చూస్తోంది.

"గిదేందే?"

"రెక్కల పాము. అందరూ అడుగుతరు."

"ఏం తింటది?"

"అది కథల పాము అత్తా, ఏమీ తినది."

"తినేది తెల్వకుంటే పళ్లు ఎట్ల పెట్టినవే? గీ పళ్లతోని గడ్డి తింటదా, మేకపిల్లను తింటదా? పని రాని దానా!"

ఆ పామును నాలుగు రోజులు ముఖం మాడ్చుకుని మళ్లీ చెక్కాను. అప్పటి నుంచి ఏ జంతువును గీసినా మొదట దాని తిండి ఏమిటో రాసుకుంటాను. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే ఊరంతా చాటేది.

అలా గుంతలో కూర్చున్నది మరి లేవలేదు. బట్టల మడతలు, రంగులు ఆమె పాలయ్యాయి. రాక్షసుడి పంచెకు సైతం నారాయణపేట చీర అంచు దించేది. వద్దంటే వినేది కాదు. కుంచె మొన నోట్లో పెట్టి సన్నం చేసుకునేది, నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా. "అత్తా, అది రంగు, విషం! నోట్ల పెట్టకు!" "నీ వంట తిని బతికినదాన్ని, గీ రంగు నన్నేం జేస్తది?" ఇదీ వరస. ముఖాల దగ్గరా అంతే. నేను కోపం చూపించాలని పళ్లు బయటపెట్టి, కనుబొమలు ముడేసి చెక్కితే చేతిలోంచి లాక్కునేది. "కోపం మూతిల ఉండదే, మెడల ఉంటది. మా గల్లీల రెండు కొట్లాటలు చూసి రాపో." పోయి చూశాను. ఆమె చెప్పింది నిజమే. ఆ మంట ఇంకా నాకు ఆరలేదు.

ఇక కొమ్ముల సంగతి. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతే చివరి పోగులను పూర్తిగా తీసేయరు. పాత పోగుల కొసలకే కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటీ అతికి ముందుకు లాగుతారు. అట్లా ఒక చీర వెనుక ఇంకో చీర, తరాల తరబడి తెగకుండా వస్తుంది. మగ్గానికి అది సరే. మా అత్త దాన్ని రాక్షసులకు పెట్టింది. ఒక బొమ్మ పూర్తికాగానే దాని మూలబొమ్మలోంచి చిన్న ముక్క విరిచి, కొత్త బొమ్మ తీగకు దారంతో ముడేసి, దాని మీద ముద్ద మెత్తేది. మొదటిసారి గుండురాళ్ల రాక్షసుడి కొమ్ము మొన విరిచింది. అచ్చు చిరిగి కొత్త అచ్చు పోయబోతూ చూసుకుంటే మొన లేదు.

"ముక్క కావాల్నంటే నకలుల విరుచుకో అత్తా! బుట్టెడు ఉన్నయి. మూలబొమ్మ జోలికి ఎందుకు పోయినవ్?"

"నకలుకు పోగు ఉంటదానే?"

"ఇది మగ్గం కాదు!"

"గుంత అదే గదా," అంది, తల ఎత్తకుండా.

ప్రతిసారీ ఆ విరిగినచోట నేను మళ్లీ మెత్తి చెక్కేదాన్ని. రెండోసారి చెక్కింది మొదటిదానిలా రాదు కదా. కొనేవాళ్లు ఫోన్ గ్రూపుల్లో "నీది పాత కొమ్మా, కొత్త కొమ్మా" అని వాదులాడుకోవడం మొదలుపెట్టారు. పాత కొమ్ముకు గిరాకీ. ఆ సంగతి మా ఆయన చదివి వినిపిస్తే అత్త గుంతలోంచి నావైపు చూసి నవ్వింది. ఆ నవ్వుకు నేను రెండు పూటలు అన్నం తినలేదు.

కసి నాకూ ఉంది. ఇప్పుడు చేస్తున్న సెట్టులో తొమ్మిది బొమ్మలు. ఎనిమిదోది రాళ్లమ్మ, రాక్షసులందరి తల్లి. దానికి మెడ ఎక్కడినుంచి తేవాలా అని వెతకలేదు, ఎదురుగానే కూర్చుంది. నన్ను తిట్టేటప్పుడు అత్త మెడ ఒక పక్కకు ఒరిగి, నరం తేలి, గడ్డం ముందుకు వచ్చేది. అదే చెక్కాను, ఉన్నది ఉన్నట్టు. అత్త దాన్ని భూతద్దం కింద పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గీ మెడ నాదే గదనే?"

"అయితే ఏమంటవ్?"

అత్త తన మీదున్న చీర గళ్లనే దించుతూ రాళ్లమ్మ చీర మడతలు తనే చెక్కింది. మర్నాడు నేను అచ్చు పోయడానికి రబ్బరు కలుపుకుని కూర్చుంటే రాళ్లమ్మ చిటికెన వేలు లేదు. గల్లీ అదిరేలా అరిచాను. వేలేది అంటే, "ఎక్కడ పెట్టాల్నో అక్కడనే పెట్టిన" అంది. కలిపిన రబ్బరంతా గిన్నెలోనే గడ్డకట్టింది. తొమ్మిదో బొమ్మకు ఇంకా నా దగ్గర గీత కూడా లేదు. ఎవరిని చేయాలో ఇద్దరికీ కుదరక అప్పటికి నెలలుగా కొట్లాడుతున్నాము.

ఆ వారంలోనే ఆమెకు ఆయాసం ఎక్కువై మహబూబ్‌నగర్ తీసుకుపోయాము. నర్సు చూసి "పెదాలు నీలం పడ్డయ్!" అని కంగారుగా డాక్టరు కోసం పరుగెత్తబోయింది. నేను తడిగుడ్డతో తుడిచాను. నీలమంతా గుడ్డకు వచ్చేసింది. రాళ్లమ్మ చీర రంగు. "చెప్పిన్నా లేదా, కుంచె నోట్ల పెట్టొద్దని?" అని అక్కడే అందుకున్నాను. ఆ ఊపులోనే అడిగాను, "వేలు ఎక్కడ పెట్టినవ్ అత్తా? సెట్టు ఆగిపోయింది." ఆమెకు మాట పెగలడం కష్టంగా ఉంది. అయినా మెడ ఒరిగింది. "కాళ్లు పెట్టి చూడు, దొరుకుతది," అంది. ఇంకేదో అనబోయింది గాని దగ్గు వచ్చింది. మర్నాడు పొద్దున బొమ్మలు పంపే పని ఉండి నేను ఇంటికి వచ్చాను. మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది.

దినాలు కాకముందే మా ఆడబిడ్డ, అంటే ఆయన అక్క, గది మధ్యలో నిలబడి కొలతలు చూసింది. "గీ గుంత పూడ్పిచ్చి బండలు ఏపిస్తే కిరాయికి ఇయ్యొచ్చు. బొమ్మల పని అమ్మతోని అయితుండె. నీ ఒక్కదానితోని ఏడ అయితది?" నాకు ఒళ్లు మండిపోయింది. కానీ నాక్కూడా అదే భయం. ఎనిమిది బొమ్మల్లో నేను ఒంటరిగా మొదలుపెట్టి ముగించింది ఒక్కటీ లేదు. తొమ్మిదోది చేయలేకపోతే సెట్టు లేదు, సెట్టు లేకపోతే గది లేదు. మట్టి ట్రాక్టరు మర్నాడు వస్తుందన్నారు.

ఇన్నేళ్లలో నేను ఆ గుంతలో ఒక్కసారీ కూర్చోలేదు. నేతదాన్ని కానని ఆమె ఎన్నిసార్లు దెప్పిందో, కాబట్టే కూర్చోనని నేనూ అన్నిసార్లు అన్నాను. ఆ రోజు అందరూ తింటుండగా పోయి కాళ్లు దించాను. అడుగున మట్టి ఆమె మడమలు ఆనేచోట పల్లాలు పడి నున్నగా ఉంది. కూర్చుంటే కుడి మోకాలి దగ్గర గోడలో చిన్న గూడు చేతికి తగిలింది. ఒకప్పుడు నూలు చుట్టిన కండెలు పెట్టుకునేదై ఉంటుంది. పైనుంచి చూస్తే అది కనబడదు.

గూటిలో తీగ అస్థిపంజరం ఉంది, చిటికెనవేలంత ఎత్తు. రాళ్లమ్మ వేలు దాని గుండె దగ్గర ఎర్ర దారంతో ముడేసి ఉంది, పడుగు అతికే ముడే. బొమ్మకు ముద్ద ఇంకా పెట్టలేదు, ముఖం లేదు. ఒక చేయి నడుం మీద, రెండో చేయి వేలు చూపిస్తూ ముందుకు చాచి, కాళ్లు ఎడంగా. మెడ నిక్కబొడుచుకుని ఉంది. బల్ల దగ్గర లేచి నిలబడి ఆమె మీద అరిచేటప్పుడు నేను ఎలా ఉంటానో అలా ఉంది.

ముసలిది. ఎంత కసి పెట్టుకుందో.

"ఏం జేస్తున్నవే గుంతల?" అని గుమ్మంలోంచి ఆడబిడ్డ.

"కనిపిస్తలేదా? పని. ట్రాక్టరు వద్దని చెప్పు."

పలక అడ్డం వేసుకుని, అద్దం దాని మీద నిలబెట్టి నా ముఖం చూసుకున్నాను. కళ్లు వాచి ఉన్నాయి. ఎంత ప్రయత్నించినా కోపం రాలేదు. అప్పుడు చెవి దగ్గర ఆమె గొంతు అనుకుని "పని రాని దానా" అని పైకే అన్నాను. అద్దంలో మెడ లేచింది. ముద్ద కలపడం మొదలుపెట్టాను.