నొప్పి తెలియని పాదాల దగ్గరికి

ఢిల్లీలో షాదరా అవతల ఉన్న కుష్ఠు ఆశ్రమానికి సేవ చేద్దామని వెళ్లలేదు నేను. బూటు ఊడిపోయి వెళ్లాను. చిన్నప్పుడొచ్చిన పోలియో వల్ల నా ఎడమకాలికి తొడదాకా ఇనుప పట్టీలు, వాటి కింద ప్రత్యేకమైన బూటు ఉంటాయి. జనవరిలో దాని అడుగు ఊడితే, ఆసుపత్రి వర్క్‌షాపులో ఏప్రిల్లో రమ్మన్నారు. అప్పటికి రెండు నెలల క్రితమే ఒక ఉద్యోగానికి రాతపరీక్ష నెగ్గి, వైద్యపరీక్షలో ఆ కాలి వల్లే వెనక్కి వచ్చాను. సొంతూరు గుంటూరు పోబుద్ధి కాదు, కట్వారియా సరాయ్ అద్దెగదిలో ఉండబుద్ధీ కాదు. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనప్పుడు కరుణ ఆంటీ, ఆ ఆశ్రమంలో నర్సుగా చేసే ఆవిడ, నా బూటు చూసి, "మా దగ్గర చెప్పులు కుట్టే మాస్టర్‌జీ ఉన్నాడు. ఈ గురువారం నేను సెలవు, అయినా నువ్వు పో. దేవుడు నీకక్కడేదో పని పెట్టాడేమో, ఎవరికి తెలుసు!" అంది.

"నాకు బూటు చాలాంటీ," అన్నాను. స్వస్థత కూటాల్లో నా తలమీద చేతులుంచి ప్రార్థించిన వాళ్లంతా, కాలు బాగవకపోయేసరికి, దేవుడేదో పని పెట్టాడన్న ఆ మాటే చెప్పి పంపేవారు.

ఆరున్నరకు బయలుదేరాను. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే బస్సు వచ్చి ఆగేదాకా దాని రంగు తెలియలేదు. కశ్మీరీ గేటు దాకా మూడు రూపాయలు, గంటంబావు. అక్కడ మారి షాదరా బస్సెక్కితే రెండు రూపాయలు. వంతెన మీద కిటికీ తుడిచి చూశాను. యమున లేదు, అవతలి ఒడ్డు లేదు, తెల్లదనమే. కింద నది ఉందని నమ్మి అందరం దాటేశాం. షాదరాలో రిక్షా అతనికి చోటు చెప్పగానే తొక్కడం ఆపేశాడు.

"అక్కడికా దీదీ? గేటు దాకా రాను. మలుపులో దించేస్తా."

"గేటుకేమయింది భయ్యా?"

"గేటుకేం కాలేదు, నాకే భయం." నా కాలు చూసి తల గోక్కున్నాడు. "ఠీక్ హై, గేటు దాకా. లోపలికి మాత్రం పిలవొద్దు." అయిదు రూపాయలు తీసుకొని, వచ్చినదానికి రెట్టింపు వేగంతో మంచులో కలిసిపోయాడు.

లోపల ఆవరణంతా ఉతికిన కట్లగుడ్డలు పొడుగ్గా తీగల మీద వేలాడుతున్నాయి. పొగమంచునే చీల్చి ఆరేశారనిపించింది. వాటి మధ్య నుంచి ఎవరెవరో మెల్లగా వచ్చి, మెల్లగా మాయమవుతున్నారు. వరండా చివర మాస్టర్‌జీ. ఆయనకూ అదే జబ్బు వచ్చి తగ్గింది. వేళ్లు సగం లేవు, అరచేతికి కట్టుకున్న తోలుపట్టీలో సూది దోపి కుడుతున్నాడు. నా బూటు తీసుకుని, "గంటలో ఇస్తా, కూర్చో," అన్నాడు. "అమ్మయ్య," అంటూ నేల మీద కూలబడ్డాను.

"తెలుగుపిల్లవేటి? ఇనుపకాలేసుకొచ్చినావు!" పక్కనే ఒకామె, పేరు సుందరమ్మ. శ్రీకాకుళం నుంచి మేడలు కట్టే కూలిపనికి ఢిల్లీ వచ్చి, జబ్బు బయటపడ్డాక ఇక్కడ చేరింది. ఆ పూట కొత్త చెప్పులు తొడుక్కొని చూసుకోవడానికి వచ్చింది. "నెల కిందటే పుండు మానింది. ఇంకోసారి పుండయితే పాదం తీసేత్తానన్నాడమ్మా డాక్టరు," అంది.

వరండాలో అటూ ఇటూ నడిచింది.

"ఎలా ఉన్నాయి?" మాస్టర్‌జీ అడిగాడు.

"దూదిలాగున్నాయి."

"అచ్ఛా! ఈమెకు రాళ్లు కట్టినా దూదే అంటుంది."

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆమె చక్కగా నడుస్తోంది, అదే నన్ను భయపెట్టింది. కుడి చెప్పు పట్టీ అంచు చిటికెనవేలి మొదట్లో కండలోకి దిగిపోయి ఉంది. నేనైతే నాలుగో అడుక్కే కేక పెట్టేదాన్ని. ఇరవయ్యేళ్లుగా నన్ను కరవని బూటు లేదు. ఎక్కడ కరుస్తుందో ఇట్టే చెప్పగలను. జబ్బుతో స్పర్శ పోయిన ఆమె పాదాలకు ఆ కబురు అందదు.

"పిన్నీ, ఆగు! విప్పు!"

చెప్పు విప్పించి ఆ చోటు తడిమాను. తర్వాత ఎడమపాదంలో అదే చోటు. కుడిది వెచ్చగా ఉంది. బూటు ఒరుసుకున్నచోట పుండు లేచేముందు నా కాలూ ఇలాగే వేడెక్కుతుంది. మాస్టర్‌జీకి చెప్పాను.

"నా చేతులు పలకవు దీదీ. వేడీ తెలియదు, చలీ తెలియదు," అన్నాడాయన మెల్లగా. "పాదాలు తడిమి చూసేది మీ కరుణ సిస్టరే."

పట్టీ విప్పి, అర అంగుళం వెనక్కి జరిపి కుట్టాడు. పాదం చల్లబడ్డాక సుందరమ్మ మళ్లీ నడిచింది. మళ్లీ తడిమాను. రెండు పాదాలూ ఒక్కలాగే ఉన్నాయి. తల ఎత్తి చూస్తే, తమ చెప్పులు చేత పట్టుకొని ఇంకో ఆరుగురు నిలబడి ఉన్నారు. నా బూటు తయారై గోడ పక్కన ఉందని మధ్యాహ్నం మూడింటిదాకా నాకు గుర్తే లేదు.

మధ్యలో భోజనాల దగ్గర సుందరమ్మ ప్రార్థన చేసింది. నా భుజం మీద చెయ్యి వేయగానే, ఇక నా కాలి సంగతి మొదలవుతుందని బిగుసుకుపోయాను. "తండ్రీ, ఈ పిల్ల సేతుల్ని కాపాడు. వచ్చే గురువారం మళ్లీ తీసుకురా," అని ఆమెన్ చెప్పేసి అన్నం కలుపుకుంది.

దేవుడు నా కాలిని ఇందుకోసమే ఇలా చేశాడని నేను అనను. అలా అన్నవాళ్ల మీద నాకింకా కోపమే. కానీ ఇన్నేళ్లూ ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్న నొప్పి ఆ వరండాలో ఇంకొకరి పాదానికి కాపలా కాసింది. దేవుడు నన్ను పిలిచిన గొంతు ఆ నొప్పేనని నమ్ముతున్నాను. తర్వాతి గురువారం వెళ్లాను. సుందరమ్మ చర్మం మీద గీత కూడా లేదు. ఆ తర్వాతి గురువారమూ వెళ్లాను.

మీరూ చలికాలంలో ఇలాంటి చోటికి వెళ్లి పాదాలు చూస్తామంటే ఒక్క మాట: బస్సు దిగి వచ్చిన చేతులతో వెంటనే ముట్టుకోకండి. గడ్డకట్టిన అరచేతికి ప్రతి పాదమూ వెచ్చగానే తగులుతుంది. వేడి టీ గ్లాసు కాసేపు పట్టుకొని, చేతులు మామూలయ్యాకే మొదలుపెట్టండి.