లోపలి అంచు

పలాసలో కారు డిక్కీకి సబ్‌వూఫర్ పెట్టె చెయ్యాలంటే నా తరవాతే ఎవరైనా అని చాలా ఏళ్లు నమ్మాను. ఆ పెట్టెకు స్పీకరుతో పాటు ఒక గొట్టం ఉంటుంది. లోపలి గాలి అందులోంచి వచ్చీ పోతూ ఉంటేనే బేస్ గుండెకు తగులుతుంది. నేను పీవీసీ పైపు తిన్నగా కోసి, చెక్కకు చిల్లు పెట్టి దింపేసేవాణ్ణి. సౌండు బాగా పెంచితే గొట్టం దగ్గర బుస్సుమని చప్పుడొచ్చేది. ఎవరైనా అడిగితే, బేస్ అంటే గాలే కదా అని దబాయించేవాణ్ణి. నాకంటే తెలిసినవాడు చుట్టుపక్కల లేడు కాబట్టి చెల్లింది.

అలాంటి రోజుల్లో ఉద్దానం తీరంలో ఫైబర్ పడవలకు అతుకులు వేసుకునే ఒకతను టెక్కలిలో రేకుల షెడ్డు వేసి ఇవే పెట్టెలు చెయ్యడం మొదలుపెట్టాడు. చేపలు పట్టే ఇంటివాడికి కారు పాటలతో ఏం పని అని నవ్వాను. సొంత బావమరిది, పెళ్లిళ్లకు కారు తిప్పుకునేవాడు, నా చేత చేయించుకున్న పెట్టె పీకేసి అతని దగ్గర కొత్తది పెట్టించుకునే దాకా నవ్వుతూనే ఉన్నాను.

ఒకనాడు పూండి వెళ్లే పనుండి ఆ కారే ఎక్కాను. నా పెట్టె బుసకొట్టే చోటు దాటించి సౌండు పెంచాడు బావమరిది. బుస లేదు. ఎక్కడో ఒక చోట దొరక్కపోతుందా అని పూండి దాకా చెవులు రిక్కించి కూర్చున్నాను. దొరకలేదు. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, కడుపు మండిపోయింది. బావమరిది టీ తాగడానికి దిగగానే డిక్కీ తీసి చూశాను. గొట్టం నోరు నాదాన్లోలా చెక్క పలక దగ్గరే తిన్నగా తెగిపోలేదు. బిందె మూతిలా గుండ్రంగా వంపు తిరిగి బయటికి విచ్చుకుంది. జేబులో ఉన్న రాగి తీగను ఆ వంపు మీద నొక్కి కొలత తీసుకున్నాను. దొంగతనంలా అనిపించింది. అయినా ఆగలేదు.

ఇంటికొచ్చి ఫైబర్ గుడ్డా, దాన్ని గట్టిపరిచే రెసినూ తెచ్చాను. ఆ వంపుకు సరిపోయే అచ్చు కోసం వెతికితే మా ఆవిడ స్టీలు బిందె దొరికింది. దాని మెడ మీద గుడ్డ పరిచి రెసిన్ పూశాను. అంటుకుపోకుండా ముందు మైనం రాయాలని తెలియదు. ఆరాక లాగితే రాదు, ఉలితో కొడితే బిందె సొట్టలు పడింది. మా ఆవిడ వచ్చి చూసి, కోపం కూడా తెచ్చుకోకుండా అడిగింది.

"ఏటి సేత్తన్నావు? ఆ టెక్కలాయన మీద కుల్లుతో నా బిందె పాడు సేసీసేవా?"

ఆవిడ అన్నది అక్షరాలా నిజం.

రెండోసారి బిందెకు పాలిథిన్ కవరు కట్టి పూశాను. నోరు చక్కగా కుదిరింది. గరుకు కాగితంతో రుద్ది, నల్ల రంగేసి, పెట్టె బిగించి పాట పెట్టాను. బుస్సు. తగ్గింది గానీ పోలేదు. తీగ పెట్టి మళ్లీ కొలిచాను, వెంట్రుకంత తేడా లేదు. రెండు రోజులు దాని చుట్టూ తిరిగి, చివరికి అహం చంపుకుని టెక్కలి బస్సెక్కాను.

అతను నన్ను గుర్తుపట్టి, రా మావా అని స్టూలు వేశాడు. ఏదో దారిన పోతూ వచ్చినట్టు నటించాను. మాటల్లో మాటగా గొట్టం సంగతి ఎత్తాను. దాస్తాడనుకున్నాను. దాస్తే బాగుండేది, ఒక మాట అనడానికి వీలుండేది. అతను వెనక పలక ఇంకా బిగించని పెట్టెను తిప్పి, లోపల చెయ్యి పెట్టి చూడమన్నాడు. గొట్టానికి లోపలి కొసన కూడా అదే వంపు తగిలింది.

"గాలి ఎంత జోరుగా బయటికొత్తాదో, అంతే జోరుగా లోపలికీ ఎల్తాది కదా మావా. బయటి అంచొక్కటే సేత్తే సగం పనే."

కారులో నేను కొలిచింది బయటికి కనిపించేదే. లోపలి కొస పెట్టెలో ఉంటుంది కాబట్టి అసలు తలుచుకోలేదు. బస్సులో తిరిగొస్తూ అతని మీద మరింత కుళ్లుకున్నాను. పని తెలిసినందుకు కాదు, అంత సులువుగా చెప్పేసినందుకు.

రెండు కొసలకూ వంపు పెట్టి కొత్త పెట్టె చేశాను. సౌండు ఎంత పెంచినా బుస రాలేదు. ఇన్నేళ్లలో నేను చేసినవాటిల్లో అదే మేలైనది. మర్నాడు బావమరిది నా కొట్టుకు వచ్చి, పాట పూర్తిగా విని, వంగి గొట్టం నోటిని వేలితో తడిమాడు.

"టెక్కలి నుంచి ఎప్పుడు తెచ్చేవు బావా?"

నేనే చేశానని చెప్పాలి. దానికోసమే కదా ఇన్ని రోజులు తిండి సయించక తిరిగాను. కానీ చెబితే, ఎలా చేశావని అడుగుతాడు, టెక్కలి వెళ్లి నేర్చుకున్నానని ఒప్పుకోవాలి.

నిన్ననే తెచ్చానన్నాను.