బరువు కోసం ఎక్కించిన బసవన్న

బండి పోగొట్టుకున్నోళ్లు లోకంలో శానామంది ఉంటారు. దొంగలెత్తుకుపోతారు, వాగులో కొట్టుకుపోతుంది, లేదంటే బామ్మర్దికిస్తారు. నేను మాత్రం నా బండిని పట్టపగలు, తారు రోడ్డు పక్కన, ఊరందరి ముందర, రెండు చేతులూ జోడించి దండం పెట్టి మరీ పోగొట్టుకున్నాను. ఎట్లంటారా, చెప్తాను. నవ్వుకోండి, పర్వాలేదు. మధ్యలో లేచి మాత్రం పోవద్దండి. నష్టం మొత్తం ఎవరన్నా వింటేనే నాకు కొంచెం తృప్తి.

మాది నంద్యాలలో వెల్డింగు షెడ్డు. మా నాయన ట్రాక్టర్లకు ట్రాలీలు చేస్తాడు. ఆయన చేసిన ట్రాలీలో కొండను ఎక్కించినా కిర్రుమనదు. ఏడో తరగతిలో బడి నన్ను వద్దనుకుందో, నేను బడిని వద్దనుకున్నానో ఇద్దరికీ ఇప్పుడు గుర్తులేదు గానీ, అప్పట్నించి నా పలకా బలపమూ ఆ షెడ్డే. అట్లాంటోణ్ణి ఒకరోజు ఫోన్లో వీడియో చూసి చెడిపోయినాను. ఎవరో గడ్డమాయన జీపు వెనక చిన్న ఇల్లు తగిలించుకొని రాళ్లూ రప్పలూ ఎక్కి కొండల్లోకి పోయి, తలుపు తీసి టీ కాచుకుంటాడు. రెక్కల మాదిరి పక్కలు తెరుచుకుంటాయి, పరుపు వస్తుంది, పొయ్యి వస్తుంది. అది చూసినాక నాకు ట్రాలీ మీద చెయ్యి పడలేదు.

ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి జనాలను మోసి మోసి నడుం పడిపోయిన పాత జీపొకటి తుక్కు అంగట్లో దొరికింది. దాని ముందు సగం కోసేసి, వెనక సగానికి రేకులు తాపినాను. మా నాయన చుట్టూ తిరిగి చూసినాడు.

"ఏందిరా ఇది?"

"అడివిలోకి పోయి పండుకునే ట్రైలరు నాయనా."

"ఇంట్లో మంచం ఉంది గదా?"

ఇట్లాంటి ప్రశ్నలకు ఆ గడ్డమాయన కూడా జవాబు చెప్పలేడు. నేను అన్నం మానేసినంత పని చేస్తే, చివరకు మా నాయన ఒక షరతు పెట్టినాడు. "ఇది అహోబిలం పోయి, మళ్లీ ఇదే షెడ్డుకాడికి తిరిగి రావల్ల. వచ్చిందంటే సగం షెడ్డు నీది, నీ పిచ్చి బండ్లు నువ్వు చేసుకో. రాలేదంటే నోరు మూసుకొని ట్రాలీలు చెయ్." నా బతుకంతా ఆ సగం షెడ్డులో ఉంది చూడండి. రెండు నెలలు రేయీపగలూ పట్టుబట్టి చేసినాను.

బాగానే చేసినాను. కానీ తలుపు వెనక ఉంది కాబట్టి పొయ్యి వెనక పెట్టినాను. పొయ్యి ఆడ ఉంది కాబట్టి నీళ్ల ట్యాంకు దాని పక్కన, గ్యాసు బండ దాని కింద, పనిముట్ల పెట్టె దాని మూల. ముందర ఏముంది? పరుపు. బరువంతా ఇరుసుకు వెనక పెట్టకూడదని బహుశా ఎనిమిదో తరగతిలో చెప్తారేమో.

జీపు మా బామ్మర్ది మద్దిలేటిది, తోలేదీ వాడే. నంద్యాల దాటి పది నిమిషాలు కాలేదు, ట్రైలరు ఊగడం మొదలుపెట్టింది. జీపు కుడికి పోతే అది ఎడమకు పోతాంది, పెండ్లిలో అలిగిన అల్లుని మాదిరి. జీపు వెనక చక్రాలను పైకి గుంజుతాంది. మద్దిలేటి మొహం తెల్లబడి, దేవుళ్ల పేర్లు ఒకటొకటే చెప్పడం మొదలుపెట్టినాడు. ఆళ్లగడ్డ వచ్చేసరికి వానికి దేవుళ్లు అయిపోయినారు.

ఆడ రోడ్డు పక్కన శిల్పాలు చెక్కే బ్రహ్మయ్యన్న నాకు తెలిసినోడు. బండి చూసి, జీపు నుంచి విడిపించి, కొక్కెం కింద వేలుపెట్టి ఎత్తినాడు. ఒక్క వేలికే ట్రైలరు ముందుభాగం పైకి లేచింది.

"ముందర బరువు లేదప్పా దీనికి," అన్నాడు.

షెడ్డు మూలన మోకాలెత్తు నంది ఒకటి పడి ఉంది. ఎవరో చెప్పి చేయించుకొని, మా గుడికి చిన్నదైపోయిందని వదిలేసి పోయినారంట. అన్నీ అయినాయి, కండ్లొక్కటే చెక్కలేదు. దాన్నే ఎక్కించుకొని పొమ్మన్నాడు బ్రహ్మయ్యన్న. దేవుణ్ణి బరువుకు వాడుకుంటే తప్పు కాదా అంటే నవ్వినాడు.

"కండ్లు తెరవనంతవరకు రాయేనప్పా. వచ్చేటప్పుడు దించిపో. ఒకటే మాట, మొహం జోలికి మాత్రం పోవద్దు."

నలుగురం మోకులేసి ముందర పరుపు మీదికి ఎక్కించినాం. పొడుగ్గా పట్టక అడ్డంగా పెడితే, బసవన్న మొహం సరిగ్గా పక్క కిటికీకాడికి వచ్చింది. బస్సులో కిటికీ సీటు పట్టుకున్నోని మాదిరి కుదురుగా కూర్చున్నాడు. ఇంక చూడండి, ట్రైలరు నూలుపోగు మాదిరి నేరుగా వస్తాంది.

ఆ సంతోషమే నన్ను ముంచింది. దారిలో ఒక చెట్టు కింద ఆగి, నాయనకు పంపుదామని ఫోటో తీస్తే, బసవన్న కండ్లు లేక తలనొప్పి వచ్చినోని మాదిరి ఉన్నాడు. నంబరు ప్లేటుకు వేసిన పెయింటు డబ్బాలు చేతికి దగ్గరగా ఉన్నాయి. తెల్లగా రెండు సున్నాలు, నల్లగా రెండు చుక్కలు. ఎడమ కన్ను కొంచెం పెద్దదై, ఏదో వింత చూసినట్లు వచ్చింది.

"బావా, ఆయన వద్దన్నాడు గదా," అన్నాడు మద్దిలేటి.

"వద్దన్నది ఉలితో. ఇది పెయింటు."

నా తెలివి చూసినారు గదా. ఇంకా ఉంది, నాలుక తెలివి.

తర్వాతి ఊరి పేరు చెప్పను. గొర్రెలు అడ్డమొస్తే జీపు ఆగింది. రోడ్డు పక్కన ఓబులమ్మ అని ఒక ముసలామె చెనక్కాయలు ఒలుస్తాంది. తలెత్తి చూస్తే ఎదురుగా కిటికీలోంచి బసవన్న, ఎడమ కన్ను పెద్దది చేసి ఆమెనే చూస్తాండాడు. చేటలోవి రాలిపోతున్నా చూసుకోకుండా లేచి చేతులు జోడించింది.

"యాడికి పోతాండాడు నాయనా సామి?"

బరువుకు పెట్టిన రాయవ్వా అని నిజం చెప్పి ఉంటే ఈరోజు సగం షెడ్డు నాది. కానీ జోకు నోటికొచ్చినాక మింగే అలవాటు లేదు నాకు.

"ఊర్లు చూద్దామని బయలుదేరినాడవ్వా. నచ్చిన తావున దిగుతానన్నాడు."

సరిగ్గా అప్పుడే మద్దిలేటి తొందరలో క్లచ్చు వదిలేసినాడు. జీపు ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది.

"నచ్చింది సామికి," అనింది ఓబులమ్మ.

అరగంటలో ఊరంతా చేరింది. పసుపొచ్చింది, పూలొచ్చినాయి, నా కొక్కెం మీద టెంకాయలు పగిలినాయి. నేను పట్టు వదల్లేదు. అవ్వా, అది ఉత్త రాయి, నన్ను నమ్ము అన్నాను.

"రాయికి కండ్లుంటాయా నాయనా?"

"నేనే పెట్టినా."

"నీచేత పెట్టించుకున్నాడు," అనింది.

బ్రహ్మయ్యన్నకు ఫోన్ చేసి, నువ్వన్నా చెప్పన్నా వీళ్లకు అని ఏడ్చినంత పని చేసినాను. ఆయన ఒకటే అడిగినాడు, కండ్లు పెట్టినావా అని. పెయింటే గదన్నా అన్నాను. "అయితే ఇంక నా రాయి కాదప్పా, వాళ్లు మొక్కినారు," అని పెట్టేసినాడు. చివరకు ఊరి పెద్దలకు చేతులు జోడించి దండం పెట్టి చెప్పినాను, సామిని మీరే ఉంచుకోండి, దించేసి నా ట్రైలరు నాకిచ్చేయండి అని. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సామి ఎక్కి వచ్చిన ఇంట్లోంచి సామినే బయటికి గెంటుతామా అన్నారు. అంతేకాదు, ఇల్లు పక్కకు దొర్లకుండా చక్రాలు తీసి భూమిలో ఇనుప కాళ్లు నాటి అతికించమన్నారు. అతికించేవాడు ఆ చుట్టుపక్కల ఎవరు? నేనే.

మద్దిలేటి జీపేసుకొని పోయి వెల్డింగు మిషనునూ, మా నాయననూ ఎక్కించుకొచ్చినాడు. ఆయన ట్రైలరు చుట్టూ మూడుసార్లు తిరిగినాడు. ప్రదక్షిణ అనుకొని జనం ఆయన వెనకే తిరిగినారు. నాకు తెలుసు, ఆయన చూస్తాండేది అతుకులు. తర్వాత వంగి ఇనుప కాలు ఒకటి పట్టుకున్నాడు, నేను వెల్డింగు చేసినాను. నా పనికి ఆయన సాయం పట్టడం అదే మొదలు.

"బండి తిరిగి రాలేదు," అన్నాడు జీపెక్కుతా.

"రాలేదు నాయనా."

"అయితే షెడ్డు నాదే."

ఆళ్లగడ్డ దాటేదాకా, నా నీళ్ల ట్యాంకులో ఇంక తీర్థం పోస్తారు, నా పొయ్యి గట్టు మీద దీపం పెడతారు, అనుకుంటా కూర్చున్నాను. అప్పుడు మా నాయన కిటికీలోంచి బయటికి చూస్తానే అన్నాడు.

"డోన్ కాడ ఇంకో జీపు బాడీ ఉందంట. రేపు పోయి చూసొద్దాం. ఈసారి ఇరుసు జానెడు ఎనిక్కి జరపల్ల."

"మరి సగం షెడ్డు?"

"ముందు పోయి రానీ."

అందుకని, ఆ కొత్త బాడీ మీద చెయ్యి పెట్టి, వెల్డింగు అద్దాలు కండ్లకు పెట్టుకొని, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తాండాను. బతికినంతకాలం బండిలో బరువుకు రాయి ఎక్కించను. పెయింటు డబ్బా ఇంట్లోనే వదిలిపెడతాను. దారిలో ముసలమ్మలు ఏమడిగినా నిజమే చెప్తాను. ఒకవేళ ఇరుసు లెక్క మళ్లీ తప్పి ముందర బరువు చాలకపోతే, జీపు నేనే తోలి, ఆ కిటికీకాడ మద్దిలేటిని కూర్చోబెడతాను. వాని మొహం చూసి ఏ ఊర్లోనూ ఎవరూ టెంకాయ కొట్టరు.